శ్రోతలు: ఏటీ నేదు

"ట్రాన్స్‌మిటర్ ఎక్కడుంది?" అని ఆఫీసరు అడిగాడు. నూకయ్యకి మాత్రం "టాన్స్‌ఫారం ఎక్కడున్నాది?" అని వినబడింది.

తప్పు నూకయ్యది కాదు. వెనకాల సముద్రం హోరు, ముందు జీపు హోరు, మధ్యలో అతను బాగుచేసుకుంటున్న చిరిగిన వల. పైగా ఆ ప్రశ్నకి ముందు ఆఫీసరు ఇంకో మాట తగిలించాడు, "లైసెన్సు లేకుండా నడుపుతున్నారట" అని. గుల్లలపేటలో లైసెన్సు లేకుండా నడిచేది ఏదంటే చంటిపిల్లలు తప్పించి మిగతా ఊరంతా తీగల వైపు చూస్తుంది. ఆ తీగలకి వేలాడే కొక్కేలన్నీ ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ తల్లి పిల్లలే మరి.

"అలగ తిన్నగా ఎల్లండి బాబూ" అని నూకయ్య ఆఫీసరుని ఊరి చివరి దాకా చుట్టుదారిలో పంపించి, తను అడ్డదారిలో పరిగెత్తాడు. "కరెంటోళ్ళొచ్చీనారు! టాన్స్‌ఫారం అడుగుతన్నారు! కొక్కేలు తీసీండ్రా!"

తెప్పలు తోసినంత ఐకమత్యంగా వెదురు కర్రలు లేచాయి, కొక్కేలు దిగాయి. ఆ కంగారులో రెండు తీగలు ఒకదాన్నొకటి ముద్దెట్టుకున్నాయి. ఠప్పుమని ఫ్యూజు ఎగిరిపోయి, దొంగ కరెంటుతో పాటు దొర కరెంటు కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే తన డాబా మీది రేకుల గదిలో ఎల్లాజీ మైకులో చెబుతున్నాడు. "దక్షిణం గాలి లేసింది. పసుపు మాసిక తెరచాప, గంగులు పడవ, ఉత్తరానికి కొట్టుకొస్తన్నాది. పెద్దరేవుకి రాదు. జంగిడిరేవు కాడ నిలబడండి..." ఎర్రదీపం ఆరిపోయింది. ఆ తర్వాత కూడా నాలుగు మాటలు మాట్లాడాక గాని అతనికి తెలియలేదు. తెలిశాక కూడా పెద్ద తేడా అనిపించలేదు. దీపం వెలిగినా వినేవాళ్ళు లేరని అతని నమ్మకం.

ఎల్లాజీ ఎల్లా జీవిస్తున్నాడో ముందు చెప్పాలి.

వాళ్ళది గజపతినగరం దగ్గర మెట్టపొలాల కుటుంబం. అతను నెల్లిమర్ల జూట్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. మిల్లు గేటు దగ్గర ఎండుచేపలు అమ్మే సుభద్రమ్మని చూసి, కొన్నాళ్ళు అవసరం లేని చేపలు కొని, చివరికి ఆవిణ్ణే చేసుకున్నాడు. అటువాళ్ళు చేపల కంపు అని దూరం పెట్టారు. రిటైరయ్యాక భార్య ఊరికి వస్తే ఇటువాళ్ళు మెట్టోడని ఓ అడుగు ఎడంగా నిలబడ్డారు. భూమికి చెల్లక, సముద్రానికి అందక అతను ఒడ్డున తేలాడు. సుభద్రమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఒడ్డే ఇల్లు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పనికి పెద్ద చిక్కు ఒకటుంది. తెల్లారకుండా వెళ్ళిన పడవలు ఎండెక్కకముందే తిరిగొస్తాయి. ఏ రేవుకి వస్తాయో మాత్రం పడవ చేతుల్లో ఉండదు, గాలి చేతుల్లో ఉంటుంది. మూడు రేవులున్నాయి. ఒక్కోదానికి అరగంట ఇసక నడక. పెద్దరేవులో గంప పెట్టుకుని నిలబడితే పడవ జంగిడిరేవులో వాలుతుంది. అక్కడికి పరిగెత్తి, గంప నింపుకుని రోడ్డెక్కేసరికి అరసవల్లి ఆటో వెళ్ళిపోతుంది. "డాబా మీంచి సూస్తే అన్నీ కనబడతాయి. ఎవుడైనా ఓ కేకేస్తే బాగుణ్ణు" అనేది సుభద్రమ్మ, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ. తెరచాపల మాసికలు చూసి పడవల్ని గుర్తుపట్టడం మొగుడికి నేర్పింది కూడా ఆవిడే.

ఆవిడ పోయిన ఆర్నెల్లకి ఎల్లాజీ కేక వేయడానికి కూచున్నాడు. గొంతు అంత దూరం వెళ్ళదు గనక పాత టేప్‌రికార్డరు, పోస్టులో తెప్పించిన ఎఫ్ఎం కిట్టు, వెదురు గెడకి కట్టిన యాంటెనా కలిపి, నాలుగు కిలోమీటర్లు పోయే కేక ఒకటి తయారుచేశాడు. రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా. మొదట గాలి, తర్వాత పడవలు. అవి అయిపోయాక కూడా ఆపబుద్ధయ్యేది కాదు. మైకు అంటే అదో మైకం. పాలు విరిగిపోయిన సంగతి, పిల్లి రాని సంగతి, సుభద్రమ్మ ఉప్పు ఎలా వేసేదన్న సంగతి, అన్నీ చెప్పేవాడు. పేరుకి తరంగాలే గాని అతను వదిలేది అంతరంగాలు.

వదిలినవి ఎక్కడికెళ్ళాయో తెలియదు. మొదటి వారమే మరదలు వరసైన లక్ష్మీనరసమ్మని అడిగాడు. "పొద్దుట రేడియో ఇన్నావేటి?"

"ఏటీ నేదు బావా" అంది ఆవిడ, గంప ఎత్తుకుంటూ.

గంగులుని అడిగాడు. "ఏటీ నేదు." నూకయ్యని అడిగాడు. వాడు తల కూడా ఎత్తలేదు. "ఏటీ నేదు మావా." ఒకరోజు ఉండబట్టలేక మైకులోనే అడిగేశాడు. "ఇంటన్నవోళ్ళుంటే రేపు గుమ్మానికి ఓ ఎర్రగుడ్డ కట్టండి." మర్నాడు చేతులు వెనక్కి కట్టుకుని ఊరంతా తిరిగాడు. ఒక్క గుమ్మానా గుడ్డ లేదు. లుంగీలు ఆరేసి ఉన్నాయి గాని అవి నీలంవి.

అలా పధ్నాలుగు నెలలు. అయినా మానలేదు. గాలికే చెప్పేవాడు. గాలి ఎదురు చెప్పదు, అదొక్కటే సుఖం.

కరెంటు పోతే ఊళ్ళో తెలిసిన చెయ్యి తనదొక్కటే గనక, టెస్టరు జేబులో పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వచ్చాడు. అక్కడ సగం ఊరు పోగై ఉంది. మధ్యలో ఇనప చువ్వల యాంటెనా చేత్తో పట్టుకుని నలభై లోపు వయసున్న ఆఫీసరు నిలబడ్డాడు. పేరు ఉమాశంకర్. వైర్‌లెస్ మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. తన మీటరులో ముల్లు ఉన్నట్టుండి చచ్చిపోయిందని చికాగ్గా ఉన్నాడు.

"ఇది కాదయ్యా నేనడిగింది!" అంటున్నాడు.

"ఊరికి ఇదొక్కటే బాబూ. ఇంకోటి ఇయ్యమని అర్జీ ఎట్టి నాలుగేళ్ళయినాది" అన్నాడు నూకయ్య. "మీరు దీన్నట్టుకెళ్ళిపోతే..."

"ట్రాన్స్, మిటర్!" ఆఫీసరు విడగొట్టి పలికాడు.

"మీటరు మా ఇళ్ళకి నేదు బాబూ, అబద్ధం సెప్పం" అంది ఓ ముసలమ్మ.

గుంపు వెనకనించి ఎల్లాజీ చెయ్యెత్తాడు, బళ్ళో హాజరు పలికినట్టు. "ఆయనడిగింది నాది. బాబూ, మీరు... మీరు ఇన్నారా?"

తప్పు ఒప్పుకునేటప్పుడు ఎవరి మొహమూ అలా వెలగడం ఉమాశంకర్ తన సర్వీసులో చూడలేదు.

"విన్నాను. ఆరు రోజుల్నించి. హైవే మీద వెళ్తుంటే డయల్‌లో ఖాళీగా ఉండాల్సిన చోట ఎవరో దగ్గారు."

"నానే! నానే దగ్గినాను!"

ఇద్దరూ డాబా ఎక్కారు. ఊరు కింద నిలబడింది. తీగల జోలికి రానందుకు ఊరికి ఊపిరొచ్చింది గాని ఏం జరుగుతోందో ఒక్కరికీ తెలియదు. ఉమాశంకర్ పెట్టె చూశాడు, యాంటెనా చూశాడు, ఫైలు తీశాడు. లైసెన్సు లేని ప్రసారం టెలిగ్రాఫు చట్టం ప్రకారం నేరమని, ఆ చట్టం పద్ధెనిమిదివందల ఎనభై అయిదుదని చెప్పాడు.

"టెలిగ్రాములు పోయినేడే ఆపీసినారు కదా బాబూ?"

"తంతి పోయినా తన్నులు పోలేదండీ" అన్నాడు ఉమాశంకర్. నవ్వకుండా అన్నాడు గనక అది హాస్యమో రూలో తెలియలేదు.

ఎల్లాజీ కళ్ళు ఫైలు మీదే ఉన్నాయి. ఆరు రోజుల ప్రసారం, నిమిషాల లెక్కన, చక్కటి చేతిరాతలో ఉంది. "7.05: గాలి దిశ తెలిపెను. 7.14: ప్రసారకుడు దగ్గెను. 7.15: ఎవరైనా వింటున్నారా అని అడిగెను. జవాబు లేదు. 7.16: మరల దగ్గెను." ఇంకో పేజీలో, "7.40: భార్య గురించి చెప్పెను. ప్రభుత్వమునకు సంబంధము లేనందున వ్రాయలేదు."

ఆ చివరి వాక్యం దగ్గర ఎల్లాజీ వేలు ఆగింది. "రాయనేదు గానీ ఇన్నారు కదా?"

"విన్నాను" అన్నాడు ఉమాశంకర్, కిటికీ వైపు చూస్తూ. "ఉప్పు చివర్లో వేసేవారు."

తర్వాత ఉమాశంకర్ పనిలో పడ్డాడు. "చూడండి, శ్రోతలు అని ఒక గడి ఉంది. పొద్దున్నించి దారిలో పదిమందిని అడిగాను, ఇక్కడ రేడియో ఏమైనా వింటారా అని. అందరూ ఒకటే మాట, ఏటీ నేదు అని. శ్రోతలు లేరని రాస్తాను. అప్పుడిది ఇంట్లో ఓ పెద్దాయన చేసుకున్న ప్రయోగం. పెట్టె తీసుకెళ్తాను, హెచ్చరిక కాగితం ఇస్తాను. ఊరంతా వింటోందంటే అది బహిరంగ ప్రసారం. పైకి పంపాలి, కోర్టు, వాయిదాలు. నా మాట విని సంతకం పెట్టండి."

ఎల్లాజీ ఆ గడి చూశాడు. "శ్రోతలు: లేరు." పధ్నాలుగు నెలలుగా తనకి తెలిసిందే. అయినా సర్కారు ముద్ర కింద చూస్తే దానికి ఇంకో బరువొచ్చింది. ఇన్నాళ్ళకి దొరికిన ఒక్క శ్రోతా పెట్టె పట్టుకుపోవడానికి వచ్చినవాడు. ఎల్లాజీ పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

పెట్టె చంకన పెట్టుకుని ఉమాశంకర్ కిందికి దిగాడు. గేటు దగ్గర లక్ష్మీనరసమ్మ అడ్డం తగిలింది.

"అదేటి బాబూ? అది టాన్స్‌ఫారం కాదే?"

"రేడియో పెట్టమ్మా. ఇది నడపకూడదు."

ఆవిడ చేతిలో గంప కిందపడింది. "రేడియో అట్టుకెళ్ళిపోతే రేపు నాను ఏ రేవుకెల్లాలి?"

ఎల్లాజీ మెట్ల మీదే ఆగిపోయాడు. "నరసమ్మా, నువ్వు ఇంతావా?"

లక్ష్మీనరసమ్మ కొంగు పక్కకి లాగింది. మెళ్ళో పుస్తెలతాడుతో పాటు ఓ నల్లటి తీగ, దాని చివర రెండు చెవిబుడిపెలు, నడుం దగ్గర చిన్న ఫోను. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కూడా కొంగులు సర్దుకున్నారు. సర్దుకోవడంలో వాళ్ళ తీగలూ బయటపడ్డాయి.

"మరి ఎన్నిసార్లు అడిగినాను! ఏటీ నేదన్నావు!"

"అనక?" ఆవిడకి కోపమొచ్చింది. "గంప నిండా సేపలుండగా ఏటి పడ్డాయే అంటే ఏటంటాం? ఏటీ నేదంటాం. ఉన్నాది అన్నామా, రేపు ఉండదు. దిష్టి కొట్టదా? పనికొచ్చిన దేన్నైనా ఈ ఊళ్ళో ఎవులైనా ఉన్నాది అంటారేటి? ఏటీ నేదంటేనే కదా బాగున్నాదని! సుభద్రమ్మప్ప నీకిది సెప్పనేదా?"

చెప్పలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో సుభద్రమ్మ అతనికి చెప్పకుండా పోయిన మాట ఇదొక్కటే. పుట్టిననాటి అలవాటు చెప్పాల్సిన విషయమని ఆవిడకి తోచి ఉండదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా "మీ ఆయన బాగా సూసుకుంటన్నాడా?" అని అడిగితే ఆవిడ కూడా "ఏటీ నేదు" అనేది. అది విని లోపల చిన్నబుచ్చుకున్న రోజులున్నాయి. ఆ రోజులన్నీ ఇప్పుడు తిరిగి లెక్కేసుకోవాలంటే ఆవిడ లేదు.

"మరి ఎర్రగుడ్డ?"

"ఎర్రగుడ్డ కట్టి ఊరందరికీ సాటుకుంటామేటి!"

ఎల్లాజీ మెట్లు దిగి జీపు దగ్గరికి వచ్చాడు. "బాబూ, ఆ గడి దిద్దీండి. శ్రోతలు ఉన్నారని రాయండి."

"మీరేం అడుగుతున్నారో తెలుసా? పెద్ద కేసవుతుంది."

"పెద్దదే అవనీండి."

"ఎల్లాజీగారూ, పైకెళ్ళే కాగితంలో మీ ఒక్కరి పేరే ఉంటుంది. వినేవాళ్ళకి నోటీసులు రావు. కోర్టుకి ఒక్కరే తిరగాలి."

"ఒక్కణ్ణే తిరగడం నాకు అలవాటే బాబూ. అబద్ధం మీద సంతకం ఎట్టించుకోకండి."

ఉమాశంకర్ చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చివరికి బానెట్ మీద ఫైలు పరిచాడు. "లేరు" కొట్టేశాడు. "ఎంతమంది?"

లక్ష్మీనరసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ ఊళ్ళో ఎవరు ఒప్పుకుంటారు? ఉమాశంకర్ తలలు లెక్కపెట్టి ఓ అంకె వేసి, చివర్లో ఒకటి కలిపాడు. ఆ ఒకటి ఎవరో ఎల్లాజీ అడగలేదు.

జీపు వెళ్ళిపోయింది. అది రోడ్డెక్కే దాకా పెట్టె వెనక సీట్లో కనబడుతూనే ఉంది.

"మావా" నూకయ్య తల గోక్కుంటూ వచ్చాడు, "అయితే టాన్స్‌ఫారం ఎప్పుడట్టుకెళ్తారంట? కొక్కేలు ఎట్టుకోవచ్చా, వొద్దా?"

ఊరంతా అదే సందేహంతో నిలబడి ఉంది. ఎల్లాజీ ఫ్యూజు వేసి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ ఎక్కి నిలబడ్డాడు. మైకు లేదు. గొంతు పెంచాల్సి వచ్చింది. "ఆయనడిగింది ట్రాన్స్‌మిటర్. నూకయ్యకి ఇనబడింది ట్రాన్స్‌ఫారం. ఇది కరెంటు పంచుతాది, అది మాట పంచుతాది. ఇది ఇక్కడే ఉంటాది. అది ఎల్లిపోనాది. ఇక రేడియో నేదు. రేపట్నించి గాలి మీరే సూసుకోండి."

అంతవరకూ ఎప్పుడూ మొహాలు చూస్తూ మాట్లాడలేదు. ఎక్కడ ఆపాలో తెలియక, పధ్నాలుగు నెలల అలవాటు కొద్దీ చివర్లో అడిగేశాడు.

"ఇంటన్నారా?"

లక్ష్మీనరసమ్మ గంప ఎత్తుకుంది.

"ఏటీ నేదు!" అంది ఊరంతా, ఒక్క గొంతుతో.