నునుపు చేసిన సొట్ట

అడవిపొలం దారిలోని ఆ ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలను ఏలుతున్న ప్రిన్సిపాల్ అమ్మిరాజు గారికి లోకంలో సహించరానివి రెండే: గోడ మీద మరక, మనిషిలో ప్రశ్న. తనిఖీ సంఘం వస్తున్నదని తెలియగానే ఆయన దిగ్విజయానికి బయలుదేరిన చక్రవర్తిలా ప్రాంగణమంతా కలియదిరిగి, గోడలకు సున్నాన్నీ, కిటికీలకు రంగునూ, మెట్లకు ఫినాయిల్‌నూ ప్రసాదించారు. ఆ కరుణావృష్టిలో లోహశాస్త్ర ప్రయోగశాలలోని ఒక చిన్న పలక కూడా తడిసింది.

ఆ పలక నికెల్, టైటానియం కలిసిన మిశ్రలోహం. దానికి జ్ఞాపకముంది; చల్లగా ఉన్నప్పుడు ఎంత అణచినా, వేడి తగలగానే పూర్వరూపానికి తిరిగివస్తుంది. లెక్చరర్ జోసెఫిన్ దాని మీద యంత్రంతో గట్టి గుండును నొక్కి, ఆవగింజంత సొట్ట పెట్టింది. సంఘం ఎదుట వేడినీళ్ళు పోస్తే ఆ సొట్ట పూడాలి. పూడకపోతే యాజమాన్యం ఆ యంత్రాన్ని తమ అమలాపురం కళాశాలకు తరలిస్తుంది. జోసెఫిన్ పరిశోధన అంతటితో సమాప్తం.

సంఘాధ్యక్షులు రామకృష్ణ గారు ఒక్కరే లోపలికొచ్చి, భూతద్దంలోంచి చూశారు.

"సొట్ట ఏదండీ?"

జోసెఫిన్ వంగి చూసింది. పలక అద్దంలా మెరుస్తోంది. సొట్ట లేదు.

"నేనే రుద్దించానండీ," అన్నారు అమ్మిరాజు గారు ప్రశంస కోసం మెడ సాచి. "పెద్దలొస్తుంటే సొట్టల సామాను చూపిస్తావా? ఫరంపేటలో గ్రానైటు రాళ్ళు అరగదీసే బుల్లబ్బాయి చేత, చన్నీళ్ళు పోయిస్తూ, నున్నగా!"

ఆమె ముఖం చూసి గొంతు తగ్గించారు. "ఇప్పుడేం కొంప మునిగిందమ్మా? సొట్ట పోయిందా లేదా? వేడికే పోయిందని చెప్పెయ్."

అసత్యం ఇంత సభ్యతతో, ఇంత సాక్ష్యంతో తలుపు తట్టడం అరుదు. కావలసిన ఫలితం కళ్ళెదుటే ఉంది. తల ఊపితే చాలు. అధ్యక్షులవారి కలం కూడా అటే వాలింది.

"రాసేయమంటారా మరి? భోజనాల వేళవుతోంది."

"వద్దండి," అంది జోసెఫిన్. "సొట్ట పోలేదండి, దాని చుట్టూ ఉన్నది పోయింది. దరియాలతిప్ప ఊరంతా రొయ్యల చెరువు లోతుకి తవ్వేసి, చెరువు పూడిపోయిందంటే ఎలాగండి?"

"అంటే శాంపిల్ పాడైపోయినట్టేగా," అన్నారు రామకృష్ణ గారు. " యంత్రం అమలాపురం వెళ్ళిపోతుందమ్మా, ఆలోచించుకో."

"పాడయ్యిందో లేదో పలక చెప్పాలండి. గుండు నొక్కినప్పుడు అడుగున లోహం కూడా అణిగింది. పైన ఉన్నదే బుల్లబ్బాయి గారు అరగదీశారు. నీళ్ళు పోస్తూ రుద్దారు కాబట్టి వేడెక్కలేదు, అడుగుది ఇంకా అణిగే ఉంది. వేడి తగిలితే లేస్తుంది."

"లేచి ఎక్కడికెళ్తుంది? పూడడానికి గుంటే లేదుగా!"

"పైకండి."

"ఎప్పుడైనా చూశావా?"

"లేదండి."

"లేవకపోతే?"

"లేవలేదనే రాయండి, సంతకం పెడతాను. వేడికి పోయిందని రాస్తే మాత్రం పెట్టను."

అతిథుల టీ కోసం కాగుతున్న కెటిల్‌ను తెచ్చి ఆమె పలక మీద వంచింది. ఆవిరి తెరలా లేచి తొలగింది. పలకలో ప్రతిఫలిస్తున్న ట్యూబ్‌లైటు, అంతవరకూ గీత గీసినట్టు తిన్నగా ఉన్నది, నడుమ చిన్నగా మెలిదిరిగింది. రామకృష్ణ గారు గోటితో గీరి చూశారు. గోరు తట్టుకుంది.

"బొడిపె!"

దాని ఎత్తు తలవెంట్రుక మందమంతైనా ఉండదు. అయితేనేం? హిమాలయం పుట్టినప్పుడు సాక్షులెవరూ లేరు. ఈ పర్వతానికి ముగ్గురు మనుషులు, ఒక కెటిలు.

అధ్యక్షులవారు ఫారం తిరగేసి దిగులుపడ్డారు. "ఇందులో సొట్ట ఉంది, పోయింది అని రెండే గడులున్నాయమ్మా. బొడిపె ఎక్కడ రాయను?"

"గడి లేకపోతే అంచున రాయండి. చోటు చాలకపోతే కాగితం నేనిస్తాను."

ఆయన అంచునే రాశారు. రాసేకొద్దీ ఉత్సాహం పెరిగి, అంచు చాలక, కాగితం అడిగి పుచ్చుకున్నారు.

"నేను రుద్దించబట్టే కదండీ ఈ వింత..." అని అమ్మిరాజు గారు ముందుకొచ్చారు.

"ఆయ్, నిజమేనండి," అంది జోసెఫిన్. "పరిశోధన పత్రంలో మీ పేరు కూడా వేయిస్తాను. అడక్కుండా రుద్దించినవారు అని."

రామకృష్ణ గారు నవ్వు దాచుకోలేదు. "యంత్రాన్ని కదపకూడదని రాశానమ్మా. మీ యాజమాన్యం వింటుందో లేదో."

"వినకపోతే వచ్చి తీసుకెళ్ళమనండి. నేనిక్కడే ఉంటాను."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, గుండు కింద మరో పలక పెట్టి, పిడి తిప్పడం మొదలుపెట్టింది.

"మీరు భోజనాలకు వెళ్ళండి. నాకు పనుంది."