చొక్కాకు బదులొచ్చిన డబ్బా

నేను ఒక స్టీలు టిఫిన్ డబ్బాను. ఇప్పుడు చీరాలలో ఒక ఇంటి అటక మీద మేకులు మోస్తూ పడి ఉన్నాను. మేకులు తుప్పు పట్టాయి, నేను పట్టలేదు. నా పగా పట్టలేదు. పాము పగ పన్నెండేళ్లంటారు. పాపం, పాము ప్రాణమున్న జీవి, ఎన్నాళ్లని గుర్తు పెట్టుకుంటుంది? నాది స్టీలు.

నా పగ అంకమరావు మీద. వాడు ఆరో తరగతిలో ఉండగా వాడి చేతికి చిక్కాను.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఎక్కడో ఫ్యాక్టరీలో రేకును మర ఒక్క దెబ్బ వేస్తే డబ్బానయ్యాను. అక్కణ్ణుంచి నాగరత్నం గంపలోకి వచ్చాను. నాగరత్నం పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇస్తూ వీధులు తిరిగే మనిషి. ఆమె కేక వినపడితే చాలు, ఆడవాళ్లు ఇంట్లో ఉన్న బట్టల మీద దండెత్తేవారు. మగవాళ్లు కట్టుకున్న లుంగీని ఓసారి తడుముకునేవారు.

ఒకనాడు అంకమరావు తల్లి సౌభాగ్యమ్మ ఆమెను అరుగు దగ్గరికి పిలిచింది. సౌభాగ్యమ్మ నేతగాడి కూతురు. బట్టను వేళ్ల మధ్య నలిపి ఇంకెన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పగలదు. భర్త ప్యాంట్లు, వెలిసిన దుప్పటి ముందు పెట్టింది. నాగరత్నం ఒక చిన్న గిన్నె తీసింది. సౌభాగ్యమ్మ నన్ను చూపించింది. దీనికైతే ఇంకోటి వెయ్యాలమ్మా అంది నాగరత్నం. బేరం చాలాసేపు సాగింది. చివరికి సౌభాగ్యమ్మ లోపలికి వెళ్లి ఒక పసుపుపచ్చ చొక్కా తెచ్చి గంపలో పడేసింది.

ఆ చొక్కా మద్రాసు నుంచి మేనమామ తెచ్చింది. వెండి రంగు బొత్తాలు. అది తొడుక్కుంటే అంకమరావు తనో సినిమా హీరోననుకునేవాడు. కాకపోతే బొడ్డు కనపడే హీరో.

వాడు బడి నుంచి వచ్చేసరికి దండెం మీద చొక్కా లేదు, గూట్లో నేనున్నాను. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. పొట్టయిపోయిన చొక్కా ఏం చేసుకుంటావురా అని తల్లి ఒక్క మాటతో తేల్చేసింది. వాడు అన్నం మానేశాడు. రాత్రికి ఆకలి ఆగక తిన్నాడనుకోండి, కానీ తింటున్నంతసేపూ నన్నే చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు.

సౌభాగ్యమ్మకు ఒక అలవాటుంది. కొత్త సామాను ఏదొచ్చినా పేర్లు కొట్టేవాణ్ణి పిలిచి 'బి. సౌభాగ్యమ్మ' అని చెక్కించందే వంటింట్లోకి రానివ్వదు. చెంచాలను కూడా వదల్లేదు. కుదురుగా కూర్చుంటే కొడుకు వీపు మీద కూడా చెక్కించేదే. వాడు ఒకచోట కూర్చోడు కాబట్టి బతికిపోయాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అమ్మ మీద కోపమంతా వాడు నా మీద చూపించాడు. నాతో ఫుట్‌బాల్ ఆడాడు. నాలో కప్పపిల్లల్ని పెంచాడు. పెరుగన్నం సగం తిని, దసరా సెలవులన్నీ నన్ను బెంచీ కింద వదిలేశాడు. సెలవుల తర్వాత నా మూత తీసిన సైన్సు మాస్టారు ఆ రోజు పాఠం చెప్పలేకపోయారు. ఒకసారి కాలవలోకి కూడా విసిరాడు. బట్టలుతికే ఆవిడ పేరు చదివించుకుని నన్ను ఇంటికి తెచ్చిచ్చింది. సౌభాగ్యమ్మ నన్ను చింతపండుతో తోమింది, వాణ్ణి పప్పుగుత్తితో. నాకు ఆ రెండోది ఎక్కువ సుఖంగా అనిపించింది.

నేనూ ఊరుకోలేదు. నా మూత బిగుతు. వేడన్నం మీద నొక్కి పెడితే మధ్యాహ్నానికి పట్టు పట్టేస్తుంది. వాడు లాగీ లాగీ బెంచీకేసి బాదుతుంటే క్లాసంతా నవ్వేది. మూత బిగించని నాడు పులుసు కార్చేవాణ్ణి. లెక్కల పుస్తకంలో మునక్కాయ వాసన రాని పేజీ లేదు.

ఒక సెలవు రోజున సౌభాగ్యమ్మ పిండి మరకు వెళ్లింది. వీధిలో నాగరత్నం కేక వినపడింది. అంకమరావు నన్ను చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. ఈ డబ్బా తీసుకుని నా చొక్కా ఇచ్చెయ్ అన్నాడు. చొక్కా ఎప్పుడో అమ్మేశాను నాయనా, పేరు కొట్టిన సామాను నాకెందుకు, పాత బట్టలేమన్నా ఉంటే తే అందామె.

వాడి ముఖంలో ఒక ఆలోచన మెరిసింది. తనదాన్ని అడక్కుండా ఇచ్చేస్తే ఎలా ఉంటుందో అమ్మకు తెలియాలి. నేరుగా వెళ్లి తల్లి ట్రంకుపెట్టె తెరిచాడు. పట్టుచీరలు ముట్టుకునే ధైర్యం లేదు. పగ తీరాలి, వీపు మిగలాలి, అదీ వాడి ఉపాయం. అడుగున ఒక తెల్ల నూలు చీర దొరికింది. ఎర్ర అంచు, అక్కడక్కడా పసుపు మరకలు. ఇంట్లో ఇంతకంటే పాతగుడ్డ ఉండదని తెచ్చి ఇచ్చాడు. నాగరత్నం ఏమీ అడగలేదు, ఒక చెంచా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. వాడు దాన్ని నాలో దాచి మూత నొక్కాడు.

అది సౌభాగ్యమ్మ మధుపర్కం. పెళ్లిపీటల మీద కట్టుకున్న చీర. ఆమె తండ్రి తన మగ్గం మీద తనే నేశాడు. ఆయన అప్పటికే పోయాడు. ఆయన చేతి నేత ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

సాయంత్రం సౌభాగ్యమ్మ నన్ను తోమడానికి తీసుకుంది. వాడికి ఏనాడూ లొంగని నా మూత ఆమె వేలు తగలగానే ఊడివచ్చింది. కావాలనే చేశాను. ఆమె చెంచాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా ఇది? దీనిమీద నా పేరు లేదే."

వాడు నిజం కక్కేశాడు. ఆమె పెట్టె తెరిచి చూసింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా నాగరత్నం ఇంటికి పరిగెత్తింది. చీకటి పడుతుండగా వట్టి చేతులతో తిరిగొచ్చింది. నాగరత్నం అప్పటికే దాన్ని పీలికలు చేసి, తుడుచుకునే గుడ్డలకని లారీ షెడ్డుకు ఇచ్చేసిందట.

అంకమరావు తనే వెళ్లి పప్పుగుత్తి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. నా జన్మంతా ఎదురుచూసిన ఘడియ అది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నీ చొక్కా నిన్నడక్కుండా ఇచ్చా. నా చీర నన్నడక్కుండా ఇచ్చావు. చెల్లుకు చెల్లు" అంది. లేచి వెళ్లి పొయ్యి ముట్టించింది.

ఆ మర్నాటి నుంచి ఆమె వాణ్ణి తిట్టలేదు. ఒరేయ్ అని పిలవలేదు. "బాబూ, అన్నానికి రా" అనేది, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. నాలో వాడికిష్టమైన గుత్తివంకాయ పెట్టేది. వాడు మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసేవాడు. నాకు మహదానందంగా ఉండేది. బాగా అయింది వెధవకు అనుకునేవాణ్ణి. కానీ నిండుగా వెళ్లిన నన్ను నిండుగానే ఇంటికి మోసుకొస్తుంటే బరువుగానూ ఉండేది.

ఒక ఉదయం వాడు తల్లి చూడకుండా ఇంట్లోని బట్టల సబ్బు తీసి సంచిలో నా పక్కన పడేశాడు. బడి వదలగానే లారీ షెడ్డుకు వెళ్లాడు. అక్కడి మెకానిక్కులను బతిమాలి, నల్లటి గుడ్డల కుప్పంతా వెతికాడు. ఎర్ర అంచున్న పీలిక ఒకటి దొరికింది, జానెడుకు కాస్త ఎక్కువ. బోరింగు దగ్గర కూర్చుని పొద్దు వాలేదాకా ఉతికాడు. గ్రీజు పూర్తిగా పోలేదు, ఎర్ర రంగు మాత్రం బయటపడింది. నాలోని వంకాయలు కుక్కకు పెట్టి, నన్ను కడిగి, పీలికను మడిచి లోపల పెట్టాడు.

ఇంటికెళ్లి నన్ను తల్లి ముందు పెట్టి దూరంగా నిలబడ్డాడు. సౌభాగ్యమ్మ మూత తీసింది. పీలికను వేళ్ల మధ్య నలిపింది. చాలాసేపు నలుపుతూనే ఉంది. కళ్లు నిండాయి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"సబ్బెక్కడిదిరా నీకు?"

వాడు జేబులోంచి గోలీకాయంత సబ్బు ముక్క తీసి చూపించాడు.

"నెలంతా రావాల్సిన సబ్బురా అది, ఎదవా" అంటూ పప్పుగుత్తి అందుకుంది. రెండు తగిలించింది, గట్టిగానే. ఆ చప్పుడుకు నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ల నా పగకు ఆ ఒక్క రోజుకు కడుపు నిండింది.

వాడు వీపు రుద్దుకుంటూ ఏడ్చాడు. ఏడుస్తూనే వెళ్లి కంచం ముందు కూర్చుని, అమ్మా ఆకలేస్తంది అన్నాడు. వాడి ముఖం చూస్తే ఆ దెబ్బల కోసం నాకంటే ఎక్కువగా వాడే ఎదురుచూసినట్టుంది.