పంపు మూతకు తెల్ల షీటు

నూనె మిల్లు నుంచి పంపు మూతతో పాటు వెనక్కి వచ్చిన గాస్కెట్‌ను పిన్ని కిటికీ వెలుతురుకు పట్టి, బొటనవేలి గోటితో నొక్కి చూసింది. గోరు దిగలేదు. నల్ల రబ్బరు ఎండిన చెప్పులా బిగుసుకుపోయి, బోల్టు కన్నాల చుట్టూ సన్నగా పగిలింది. తను ఏరి, తను కోసి పంపిన రబ్బరు నెల తిరక్కుండానే ఇలా తయారైతే ఆమెకు ఒళ్లు మండదా మరి!

"కోపం రబ్బరు మీదా, నా మీదా?" అన్నాడు బావ, లేతు పక్కన కుర్చీలోంచి.

"రబ్బరుకి నోరు లేదు. నీకుంది."

షెడ్డు బావది. తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డ పాత యంత్రాలకు కావలసిన భాగాలను అక్కడ ఒక్కొక్కటిగా చేసిస్తారు. ఇనుము పని బావది. ఇనుముకీ ఇనుముకీ నడుమ ఏది పెడితే కారకుండా ఉంటుందో, రబ్బరా, కార్కా, నార షీటా, అది తేల్చి గాస్కెట్ కోయడం పిన్ని పని. బావకు ఆమె మరదలు, పనివాళ్లందరికీ పిన్ని. పెళ్లికాని పిల్లగా అక్క వెంట వచ్చి, ఊసుపోక కత్తి పట్టింది, మళ్లీ దించలేదు. అక్క పోయాక చుట్టాలు, ఎలాగూ ఒకచోటే ఉన్నారు కదా, పెళ్లి చేసుకుంటే పోలా అన్నారు. "పగలంతా ఈయన ముఖమే చూస్తున్నా, రాత్రి కూడానా?" అందామె. బావ పడీపడీ నవ్వాడు. ఆ ప్రస్తావన అంతటితో సరి. ఆయన లేతు జోలికి ఆమె పోదు, ఆమె బల్ల మీద ఆయన చెయ్యి వేయడు. ఇన్నేళ్లూ అలాగే గడిచింది.

ఈమధ్య బావకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఆగి నిలబడాలి. పనివాళ్లు ఆ రోజు బయటెక్కడో యంత్రం బిగించడానికి వెళ్లారు.

"ఇంకోటి కోసి, కాస్త పేస్టు పూసి పంపెయ్యవే. సాయంత్రం మిల్లు వ్యాను వస్తుంది."

"ఎందుకు పగిలిందో తెలియకుండా ఇంకోటి కోయను."

"నూనె మిల్లు పంపుకి నూనెకి ఆగే రబ్బరే వేశావుగా. నీ తప్పేముంది?"

"అదే కనుక్కుంటా," అని చెప్పుల్లో కాళ్లు దూర్చింది. అనుకున్నదంటే ఇక ఆగే మనిషి కాదు.

మిల్లులో నేల అంతా జిడ్డు. గోడ పట్టుకుని నడిస్తే గానీ కుదరదు. యంత్రాలు కడిగే పడుచుపిల్ల మోచేతి దాకా కట్టు కట్టుకుని ఉంది.

"మూత సందులోంచి చిమ్మిందమ్మా," అంది.

"నూనెనా?"

"ఆవిరి. పని అయ్యాక ఆవిరితో కడుగుతాం కదా."

ఆర్డరు తీసుకున్న రోజు పిన్ని పంపులో ఏం పోతుందని అడిగింది గానీ, దేంతో కడుగుతారని అడగలేదు. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఆ ఒక్క ప్రశ్నా మరిచిపోయింది. ఆ పిల్ల కట్టుకేసి చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఈ పూట కూడా నువ్వేనా కడిగేది?"

"నేను కాక మా అత్తగారొస్తుందా? మీ మూత రాకపోతే, పగిలిన పాత మూతే బిగించి నడుపుతారట."

పిన్ని అక్కడి నుంచే ఫోను చేసింది. "బావా, తప్పు నాదే. ఆవిరితో కడుగుతున్నారు. నూనెకి ఆగే రబ్బరు ఆవిరికి ఆగదు, ఆవిరికి ఆగేది నూనెకి ఉబ్బిపోతుంది. రెండింటికీ తట్టుకునేది తెల్ల టెఫ్లాన్ షీటే. ఒక్క ముక్కే ఉంది, ఆ మూతకి సరిగ్గా సరిపోతుంది. వచ్చి కోస్తా. నేను వచ్చేదాకా వ్యానును కదలనివ్వకు."

"బస్సు దొరుకుతుందా నీకు?"

"దొరక్కపోతే నడిచొస్తా."

"వస్తావు. నిన్నెవడు ఆపగలడు," అన్నాడు బావ, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

బస్సు దొరకనే లేదు. సగం దారి నడిచి, సగం దారి ఎవరి బండి మీదో కూర్చుని, పొద్దు వాలేవేళకు షెడ్డు చేరింది. గుమ్మం దగ్గర వ్యాను ఆగి ఉంది.

"పెద్దాయన కునుకు తీస్తున్నట్టున్నాడు పిన్నిగారూ, లేపలేదు," అన్నాడు డ్రైవరు.

లోపల ఆమె బల్ల మీద దీపం వెలుగుతోంది. ఆమె స్టూలు మీద, గోడకు ఆనుకుని బావ. ఒళ్లో కన్నాలు కొట్టే పంచ్. బల్ల మీద ఇనుప మూత, దాని మీద కోసిన తెల్ల గాస్కెట్.  ఉన్న ఒక్క షీటూ కోసేశాడు!

వంగి చూసింది. మూతను అడ్డదిడ్డంగా బిగించకుండా ఒక్క కన్నం కావాలనే పక్కకు జరిపి ఉంటుంది. బావ గాస్కెట్లో అది అవతలి పక్కకు పడింది. మూత కొలతకు కోసిన కాగితం అచ్చును బోర్లా పరిచి గీసుకున్నాడన్నమాట. తప్పు పడ్డ కన్నం పక్కన పెన్సిలుతో పెద్ద ఇంటూ గుర్తు కూడా పెట్టుకున్నాడు.

"నా బల్ల ముట్టుకోవద్దన్నానా? ఈ వయసులో నీకు..." అంటూనే ఆగి, గాస్కెట్‌ను ఎత్తి తిరగేసి మూత మీద పెట్టింది. కన్నాలన్నీ చక్కగా కుదిరాయి. ఆమెకు నవ్వు ఆగలేదు.

"ఓరి నా బావా! ఇది ఇనుము కాదయ్యా. ఇనుముకి లోపల వేరు, బయట వేరు. షీటుకి రెండు వైపులూ ఒకటే. తిరగేస్తే సరిపోయేదానికి ఇంటూ పెట్టి కూర్చుంటావా? లే, చూడు, ఎంత బాగా కోశావో."

బావ లేవలేదు. భుజం మీద చెయ్యి వేస్తే మెల్లగా ఆమె మీదికి ఒరిగాడు.

పడిపోకుండా రెండు చేతులా పట్టుకుంది. ఇలాంటి రోజు వస్తుందని ఆయాసం మొదలైనప్పుడే తెలుసు. షీటు పాడు చేశాననుకుంటూ, మరదలు తిడుతుందనుకుంటూ పోయాడే, అది కోసేస్తోంది ఆమెను. బాగుందన్న ఒక్క మాట చెవిన పడి పోకూడదా!

కేక వేస్తే డ్రైవరు పరుగున వచ్చాడు. ఇద్దరూ కలిసి బావను మంచం మీద పడుకోబెట్టారు.

"ఈ పూటకి మూత వద్దులెండి, మిల్లులో నేను చెబుతాను."

"వద్దంటే ఆ పిల్ల రెండో చెయ్యి కూడా కాలుతుంది. తీసుకెళ్లు." కళ్లు తుడుచుకుని గాస్కెట్‌ను మూతకు కట్టింది. "బోల్టులు ఎదురెదురువి, కాస్త కాస్తగా బిగించమను. ఒక్కసారే బిగిస్తే ఊరుకోనని చెప్పు. ఎవరు కోశారని అడిగితే, మా బావ అని చెప్పు."

వ్యాను వెళ్లిపోయింది. పనివాళ్లకు ఫోను చేసి, దీపం ఆర్పబోతూ ఆగింది. గాస్కెట్ నడుమ నుంచి తీసేసిన తెల్ల ముక్క బల్ల మీద ఉంది. అంచు పొడుగునా, బావ ఊపిరి కోసం కత్తి ఆపిన చోటల్లా ఒక చిన్న గాటు.