చల్లారని బండి

పొద్దున్న లేవగానే మెకానిక్ చేసే మొదటి పని, వరండాలో నిలబెట్టిన తమ్ముడి బండి ఇంజను మీద చెయ్యేసి చూడటం. మూడేళ్ళ కిందట తమ్ముడు రేవులో ఆ బండికి స్టాండు వేసి పడవెక్కాడు. పడవ అవతలి ఒడ్డుకి చేరలేదు. మిగతావాళ్ళందరూ దొరికారు, బతికో, చచ్చో. తమ్ముడొక్కడే ఎటూ తేలలేదు. రెండు రోజులు ఒడ్డంట వెతికి, ఆ బండిని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చినప్పుడు ఇంజను వెచ్చగా ఉంది. అప్పట్నుంచీ తాళం తిప్పిన నాథుడు లేడు, ఇంజను వెచ్చగానే ఉంది.

వీధిలో ఎవరికీ అదో వింతలా తోచలేదు. పక్కింటి కుట్టుపనావిడ వానాకాలంలో తడి జాకెట్లు తెచ్చి దానిమీద ఆరేసుకునేది. అమ్మ చలికి పట్టేసిన మోకాళ్ళు దానికి ఆనించి కూర్చునేది. వేడి కాస్త ఎక్కువ తగిలిన రోజు, "వాడికివాళ ఒంట్లో బాగున్నట్టుందిరా" అని సంబరపడేది. తమ్ముడి భార్య అయిన మరదలు మాత్రం బండి శుభ్రంగా తుడిచి, తను పనిచేసే మందుల షాపుకి నడిచి పోయేది. ఎక్కడో దూరపు ఊళ్ళో పెద్దాసుపత్రి వాళ్ళు ఉద్యోగానికి రమ్మంటే, "మావారు రాగానే వస్తాను" అని ఉత్తరం రాసి ఊరుకుంది.

ఈ ఎండాకాలంలో బండి కింద పచ్చటి మరక కనబడింది. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు కారుతున్నాయి. మెకానిక్ వంగి వేలితో తడిమి చూశాడు. వాటర్ పంపు సీలు పోయింది. నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే కారిపోతున్నాయి. ఇంజను వెచ్చదనం పోయి కాగడం మొదలెట్టింది. ట్యాంకు మీద రంగు పొంగి పెచ్చులూడింది. కుట్టుపనావిడ జాకెట్టొకటి మాడిపోయింది. అమ్మ మోకాలు బొబ్బలెక్కింది.

"పంపు విప్పాలమ్మా," అన్నాడు.

"విప్పితే లోపల నీళ్ళన్నీ పోవూ?"

"పోతాయి. కొత్తవి పోస్తాం."

"చల్లారిపోతే?"

పాతికేళ్ళ పనిలో అతన్ని ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

"దాని జోలికెళ్ళకు," అంది అమ్మ. "నా కాలేగా కాలింది. కాలనీ."

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. "విప్పండి బావగారూ. అలా కాగిపోతుంటే చూస్తూ కూర్చోలేను."

ఆదివారం మధ్యాహ్నం గోనెపట్టా పరుచుకుని పనికి కూర్చున్నాడు. బండి కింద తొట్టి పెట్టాడు. అడుగు బోల్టు తీస్తే చుక్క రాలేదు. గొట్టాలు లాగేస్తే ఆవిరి కూడా రాలేదు. పంపు బోల్టులు మూడూ బుద్ధిగానే వచ్చాయి, పంపే రాలేదు. ఇంజనులోకి దిగిన చోట తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె కొట్టి గంటసేపు నానబెట్టాడు. రబ్బరు సుత్తితో అటూ ఇటూ తట్టాడు. సందులో స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తబోతే, అల్యూమినియం అంచు ముక్క విరిగి ఒళ్ళో పడింది. మామూలుగా పట్టేసిన దాన్ని వేడిచేస్తే వదుల్తుంది. ఇది కాగుతూ కూడా వదలడం లేదు. చేతులు కాలి, చెమట కళ్ళలోకి కారి, అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

నిజానికి అతను గట్టిగా లాగడం లేదు. ఆ సంగతి మరదలు కనిపెట్టింది.

"లేవండి, నేను పడతాను," అని పక్కన కూలబడింది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని పంపు పట్టుకుంది. "ఎటు తిప్పాలి?"

"కాస్త ఇటు, కాస్త అటు. ఊడబెరకాలని చూడకు. ఊపుతూ ఉండు."

ఇద్దరూ చెరో పక్కా పట్టి ఊపారు. ఎంతసేపటికో కిర్రుమంది. వెంట్రుకవాసి కదిలింది. ఇంకోసారి ఊపారు. పంపు ఒక్కసారిగా ఊడి, మరదలు వెనక్కి పడింది.

నీళ్ళు భళ్ళున వచ్చాయి. పచ్చరంగువి కావు. మట్టిరంగు నీళ్ళు, చల్లటివి. తొట్టి నిండి, వరండా అంతా పారి, గడప దాకా వెళ్ళాయి. బండిలో పట్టే నీళ్ళు లీటరున్నర. ఇవి ఎంతకీ ఆగలేదు. ఇల్లంతా రేవు వాసన వేసింది. ఆఖర్న గుప్పెడు ఇసక, నాచు పోగొకటి జారి పడ్డాయి.

కుట్టుపనావిడ గోడ మీంచి చూసి, తల కిందికి దించుకుని లోపలికెళ్ళిపోయింది.

మరదలు ఇసక అరచేతిలోకి తీసుకుంది. "ఇన్నాళ్ళూ వెచ్చగా ఉన్నారనుకున్నాం బావగారూ," అంది.

మెకానిక్ ఇంజను మీద చెయ్యేశాడు. రాయిలా చల్లబడి ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు, ఉంచాలనీ అనిపించలేదు. మూడేళ్ళుగా ఊపిరి బిగబట్టి బతికాడేమో, తడి పట్టా మీదే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మ ఏడవలేదు. "నీ చేత్తోనే తీశావు కదరా," అంది. అన్న మాట అదొక్కటే. మూడు రోజులు అతనితో మాట్లాడలేదు, అతను పెట్టిన అన్నం ముట్టలేదు. మరదలు తినిపిస్తే రెండు ముద్దలు తినేది. కొత్త పంపు వేసి, నీళ్ళు పోసి, అతను బండి స్టార్ట్ చేస్తే చెవులు మూసుకుంది. ఆపిన గంటకి అది అన్ని బళ్ళలాగే చల్లారింది.

నాలుగో రోజు అమ్మ కోడల్ని పిలిచి, మొహం చూడకుండా అడిగింది. "ఇంకా ఎవరికోసమని ఇక్కడ?"

పొమ్మనడమో, వదిలిపెట్టడమో ఎవరికీ తెలియలేదు. బహుశా అమ్మకీ తెలియదు. మరదలు అత్తగారి కాలి మీద మానుతున్న పుండుకి మందు రాసి, లేచి వెళ్ళి ఆసుపత్రికి ఉత్తరం రాసింది. వారంలో జవాబొచ్చింది.

బండి తనే తీసుకెళ్తానంది. మెకానిక్ రెండు పూటలు వీధిలో తిప్పి నేర్పాడు. బయల్దేరే పొద్దున చిన్న పెట్టె వెనక సీటుకి తాడుతో బిగించి కట్టాడు. "క్లచ్చి మెల్లగా వదులు. ఇంజను కాగి ఎరుపు లైటు వెలిగితే వెంటనే ఆపెయ్," అన్నాడు. తాడు ముడి ఇంకోసారి లాగి చూశాడు.

"అత్తయ్య జాగ్రత్త బావగారూ."

అమ్మ బయటికి రాలేదు.

బండి రెండుసార్లు ఆగి, మూడోసారి కదిలింది. వీధి చివరిదాకా అతను చూస్తూనే ఉన్నాడు. మరదలు వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే, ఉండిపొమ్మని అడిగేసేవాడు.