నాలుక కింద పెట్టని మాత్ర

ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి లిఫ్టు మెకానిక్ ఛాతీ పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. భార్య కుట్టుమిషన్ వదిలి వచ్చి, అల్మరాలోంచి నాలుక కింద పెట్టే మాత్ర తీసింది. అతను నోరు తెరవలేదు.

అతనికి యాభై నాలుగేళ్లు. రెండేళ్ల క్రితం గుండెనొప్పి వచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున ఒక గుండె మాత్ర వేసుకుంటున్నాడు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి ఇంకో రకం ఇంట్లో ఉంటుంది.

"తెరవండీ! పంతాలకి ఇదా టైము?"

"వద్దే. ఒకటి చెప్తాను, నవ్వకు."

"ప్రాణం మీదికొస్తే నవ్వేంటండీ?"

"మధ్యాహ్నం రెండు గంటలకి వేరే మాత్ర వేసుకున్నా. మగాళ్లు వేసుకునేది. అది ఒంట్లో ఉండగా ఇది పడకూడదట."

ఆమె చేయి ఆగింది. రెండేళ్లుగా అతను గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. తనమీద మనసు విరిగిందని ఆమె అనుకుంది. అడగలేదు. అతనూ చెప్పలేదు.

మాత్ర ఆమె చేతిలోనే ఉండిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేసి, వేసుకున్నదేమిటో, ఎన్నింటికో గొంతు తగ్గించకుండా చెప్పింది.

ఆ నెల మొదట్లో అతను మగాళ్ల మాత్ర కోసం మందుల షాపుకు వెళ్లాడు. గుండె మాత్ర చీటీ చూసి షాపతను ఇవ్వనన్నాడు. రెండూ కలిస్తే బీపీ పడిపోతుందని, డాక్టరును కలవమని చెప్పాడు. అతను కలవలేదు. తోటి మెకానిక్ దగ్గర ఒకటి తీసుకున్నాడు. లిఫ్టు పనిలో ఒక లైను తెంపాకే ఇంకో లైను కలుపుతారు. అదే లెక్కన ఆదివారం పొద్దున గుండె మాత్ర మానేశాడు. నొప్పి వస్తే ఏం చేయాలో ఆలోచించలేదు.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. గుండెపోటు కాదన్నారు. నాలుక కింది మాత్ర రకం మందేదీ ఇవ్వకుండా వేరే మందులతో నొప్పి తగ్గించారు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది.

"ఆ మాత్ర కోరిక పుట్టించదు. కోరిక కలిగినప్పుడు అక్కడి రక్తనాళాలు వదులై రక్తం చేరాలి. దానికి సాయపడుతుంది, అంతే. మీ గుండె మాత్ర కూడా నాళాల్నే వదులు చేస్తుంది. రెండూ కలిస్తే బీపీ ప్రాణం పోయేంతగా పడిపోవచ్చు."

"అందుకే పొద్దునది మానేశానమ్మా. రెండేళ్లుగా ఈ ఇబ్బంది."

"నిన్నటిది ఇంకా ఒంట్లో ఉంది. మానేశారు కాబట్టే నొప్పి వచ్చుండొచ్చు కూడా. ఇది రెండేళ్లుగా ఉందా? అయితే అప్పుడే చెప్పాల్సింది. గుండె నాళాలు సన్నబడ్డప్పుడు ఇదీ వస్తుంది. గుండె మందు మార్చగలమో లేదో చూద్దాం. మారిస్తే అప్పుడు ఈ మాట. అప్పటిదాకా ఎవరిచ్చినా వేసుకోవద్దు."

డాక్టరమ్మ వెళ్లాక భార్య అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి వేసుకున్నాక పని చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే? కబుర్లు చెప్పుకునేవాళ్లం. అవీ మానేశారుగా."

అతను దుప్పటి సర్దుకున్నాడు.

"గంటకు పైగా ఎదురుచూశా. నువ్వా మిషన్ దగ్గర్నుంచి లేస్తేగా!"

"పిలిస్తే లేవనా?"

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని అతని చేయి తన ఒళ్లో పెట్టుకుంది. నర్సు బీపీ చూడటానికి వచ్చినప్పుడు రెండో చేతికి పట్టీ కట్టింది.

సోమవారం సాయంత్రం ఐదింటికి ఇంటికి పంపారు. గురువారం పదింటికి ఇద్దరూ కలిసి డాక్టరమ్మ గదిలోకి వెళ్లారు. గుండె మందు మార్చగలరా అని ముందు అడిగింది భార్యే.