పెద్దకోడలి వేలిముద్ర

పెద్దకోడలు “ఊఁ” అనగానే ఇద్దరూ కలిసి అత్తగారిని పక్కకు ఒత్తిగిల్లించారు. తడిసిన దుప్పటిని పెద్దకోడలు చుట్టచుట్టి ఆవిడ వీపు కిందికి తోసి, ఉతికినదాన్ని దాని వెంటే పరిచింది. ఇప్పుడు తనవైపు తిప్పుకోవాలి. తిప్పారు. అవతలివైపు నుంచి చిన్నకోడలు పాత దుప్పటి లాగేసి, కొత్తదాన్ని ముడత లేకుండా సాగదీసింది. ముసలావిడ ఒళ్ళు పెద్దకోడలి వైపు తిరిగింది గానీ కళ్ళు మాత్రం చిన్నకోడలి వైపే ఉండిపోయాయి.

పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పటి నుంచి ఆవిడకు మాట లేదు, కుడిచెయ్యి లేదు. మిగిలినవల్లా రెండు కళ్ళు, గొంతులోంచి వచ్చే ఒక మూలుగు. ఆ మిగిలిన కాస్తతోనే ఆవిడ కోడళ్ళ మధ్య తేడా చూపిస్తోందని పెద్దకోడలి నమ్మకం. తాను జావ పట్టబోతే పెదాలు బిగుసుకుంటాయి. అదే గిన్నె, అదే చెంచా చిన్నకోడలు పట్టుకుంటే తెరుచుకుంటాయి. పక్షవాతం మనిషిని చూసి వచ్చిపోతుందా అని ఒకసారి పైకే అనేసింది. చిన్నకోడలు నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తే పెద్దకోడలికి ఇంకా మండుతుంది.

ఆ ఇంట్లో తాను నర్సు అవ్వాలని మొదట అనుకున్నది పెద్దకోడలు. పెళ్ళయిన కొత్తలోనే ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగే గదిలో పనికి చేరింది. కత్తెరలు, పట్టకార్లు, ట్రేలు వస్తాయి. వాటిని ఘాటు వాసనేసే మందునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, తుడిచి, ఆవిరి యంత్రంలో సర్దాలి. గాజు తలుపు అవతల తెల్లబట్టల నర్సులు అటూ ఇటూ తిరుగుతుంటే ఈమె ఇవతల చేతులు నానబెట్టుకుని చూస్తూ ఉండేది. పిల్లలు కాస్త ఎదిగాక ధైర్యం చేసి నర్సింగ్ స్కూల్లో చేరతానంది. అత్తగారికి అప్పటికింకా నోరుంది. తల నెరిసేవేళ పలక పడతావటే అని నవ్వింది. కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు పక్కనే ఉండి, అయితే నేనూ వస్తానక్కా అంది. అత్తగారు ఆ పిల్లను చూసి నవ్వలేదు. చదువుకోవే తల్లీ అంది.

కడుపులో నిప్పు ఆ రోజు పడింది. క్లాసులో పిల్లలంతా పెద్దకోడల్ని పిన్నిగారూ అని పిలిచేవారు. పగలు పాఠాలు, సాయంత్రం సామాన్ల గది, మధ్యలో కునుకు. చిన్నకోడలికి మొదటి ర్యాంకు వచ్చింది. పెద్దకోడలు బొటాబొటిగా గట్టెక్కింది. ఆ గట్టెక్కడం కూడా పరీక్షల ముందు చిన్నకోడలే కూర్చోబెట్టి, గుండె బొమ్మ గీసి, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో వేలుపెట్టి చూపించడం వల్ల. ఆ మేలు పెద్దకోడలి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ పిల్ల చెడ్డదై ఉంటే ఈమెకు ప్రాణం సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక్క తప్పయినా దొరకని తోడికోడలితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

చదువులు ముగిసిన నెలలోనే అత్తగారు పడిపోయింది. స్కూలు దాటితే సరిపోదు, లైసెన్సు పరీక్ష కూడా దాటితేనే నర్సు. ఆ పరీక్షకు పేరు నమోదు చేసుకోవడానికి ఇవాళే ఆఖరు. ముసలావిడ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి చిన్నకోడలు మొన్న వెళ్ళి పని ముగించుకొచ్చింది, పెద్దకోడలి వంతు ఇవాళ్టికి వచ్చింది. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఈలోగా చిన్నకోడలు అదే ఆసుపత్రి వార్డులో చేరిపోతుంది. అప్పుడు తాను కడిగిన ట్రే పట్టుకెళ్ళి, ఇదిగో సిస్టర్ అంటూ ఆ పిల్ల చేతికి అందించాలి. ఆ మాట తలుచుకుంటేనే పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయ్యేది.

నమోదు ఆఫీసు మెట్ల మీదికి కూడా వరుస వచ్చేసింది. అందరూ నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళలా ఉన్నారు. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి, మీ అమ్మాయి రాలేదా ఆంటీ అని మర్యాదగానే అడిగింది. నేనే మా అమ్మాయిని అని పెద్దకోడలు జవాబిచ్చింది. ఆ అమ్మాయికి అర్థం కాక తల ఊపి ముందుకు తిరిగిపోయింది.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫొటో తీశారు. ఒకరి పరీక్ష ఇంకొకరు రాయకుండా వేలిముద్ర కూడా తీసుకోవాలి. బొటనవేలు పెట్టమన్నారు. యంత్రం ఎర్రదీపం వెలిగించింది. తుడుచుకుని పెట్టింది, మళ్ళీ ఎరుపే. చూపుడువేలు, నడిమివేలు, ఎడమచెయ్యి, ఏదీ పడలేదు. గుమాస్తా ఆమె చెయ్యి వెల్లకిలా తిప్పి దీపం వెలుగులో చూశాడు. వేళ్ళ కొనలు నీళ్ళలో నానిన సబ్బుముక్కల్లా నున్నగా ఉన్నాయి. ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు. చెప్పింది. ఆ మందునీళ్ళు గీతలు తినేస్తాయని, ఇంటికెళ్ళి గోరువెచ్చటి నూనె బాగా మర్దన చేయించుకుని అయిదు లోపల రమ్మని, అప్పటికీ పడకపోతే తన చేతిలో ఏమీ లేదని అన్నాడు. మొన్న చిన్నకోడలు ఇంటికొచ్చి, వేలు పెట్టీ పెట్టకముందే పచ్చదీపం వెలిగిందక్కా అని చెప్పిన సంగతి పెద్దకోడలికి గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి, ముద్ర పడలేదని చెబుతూ ఆ పిల్ల ముఖం వంక కన్నార్పకుండా చూసింది. సంతోషం ఎక్కడైనా మెరుస్తుందేమోనని. మెరవలేదు. చిన్నకోడలు పొయ్యి మీద నూనె వెచ్చబెట్టుకొచ్చి, అత్తగారి మంచం పక్కనే పీట వేసి ఆమెను కూర్చోబెట్టి, కింద కూర్చుని ఒక్కొక్క వేలూ రుద్దడం మొదలుపెట్టింది. గోరు మొదలు నుంచి కొన దాకా, తొందర లేకుండా. పెద్దకోడలి చేతులను అట్లా పట్టుకున్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. అది బాగుందని ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు మనసు రాలేదు.

అప్పుడు అత్తగారి గొంతులో మూలుగు వినిపించింది. నీళ్ళు కావాలన్నా, తిప్పమన్నా, ఏమీ అక్కర్లేకపోయినా ఆవిడకు ఉన్నది ఆ ఒక్క మూలుగే. చిన్నకోడలు సగం లేచింది.

“నాకు టైమవుతోంది. ఆవిడ ఊరికే అంటోందిలే” అంది పెద్దకోడలు, చెయ్యి వెనక్కి తీసుకోకుండా.

చిన్నకోడలు మంచం వైపు చూసింది, ఈమె చేతి వైపు చూసింది, మళ్ళీ కూర్చుంది. మూలుగు ఇంకోసారి వచ్చి ఆగిపోయింది. పెద్దకోడలికి కడుపు చల్లబడింది. ఈ ఇంట్లో ముసలావిడను కాదని తనకు ఒకరు కూర్చోవడం ఇదే మొదటిసారి. అంతటితో ఆగక, చాలక్కా అని ఆ పిల్ల అన్నాక కూడా ఎడమచెయ్యి మళ్ళీ ముందుకు చాచింది.

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే చిన్నకోడలు చెంచాతో నీళ్ళు తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. కాసేపు చప్పుడు లేదు. తరవాత వచ్చి గది తలుపుకు అడ్డంగా నిలబడింది. అత్తగారితో ఒక మాట చెప్పి పోదామని, తాను పరీక్షకు కట్టబోతున్నానని ఆ కళ్ళలోకి చూసి చెబుదామని పెద్దకోడలు లోపలికి రాబోయింది.

“ఇప్పుడే కళ్ళు మూసింది అక్కా. లేపకండి. మీరు వెళ్ళిరండి.”

ఆవిడ మీద హక్కంతా నీదేనా అనుకుంటూ పెద్దకోడలు మెట్లు దిగిపోయింది.

ఆఫీసులో వరుస పలచబడింది. బొటనవేళ్ళు రెండూ మొండికేశాయి. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. పెద్దకోడలు ఎడమచేతి ఉంగరపు వేలిని అద్దం మీద ఆనించి, దేవుళ్ళనందరినీ ఒకేసారి తలుచుకుంది. పచ్చదీపం వెలిగింది. కిందామీదా పడి ఏడ్చే మనిషి కాదు గానీ, ఆ దీపం వెలుగు చూసి ఆమెకు ముక్కు చెమ్మగిల్లింది. చేతిలో రసీదుతో బయటికొచ్చి మొదట ఫోను చేసింది ఇంటికే.

“పడింది” అంది.

అవతలి నుంచి చిన్నకోడలు పొడిగా, “మంచిదక్కా. నిదానంగా రండి” అంది.

ఆ పొడి గొంతు పెద్దకోడలికి పాయసంలా తగిలింది. కుళ్ళుకుంటోంది, కుళ్ళుకోనీ, ఇన్నాళ్ళూ నేను కుళ్ళలేదా అనుకుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నూనె వాసనేసే వేళ్ళను ఒడిలో పెట్టుకుని, వార్డులో ఇద్దరం ఒకే రోజు చేరతాం, ఒకే బట్టలు వేసుకుంటాం అని దారంతా అనుకుంటూనే వచ్చింది.

వాకిట్లో మగవాళ్ళ చెప్పులు చూసి ఆమె నడక ఆగింది. వర్క్‌షాపు నుంచి ఈవేళప్పుడు తమ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, ఇంటికి రారు.

అత్తగారిని తిన్నగా పడుకోబెట్టారు. కళ్ళు మూసి ఉన్నాయి. గుడ్డపేలికతో దవడ కట్టి ఉంది. చేతులు పక్కన పెట్టి, జుట్టు దువ్వి, శుభ్రమైన దుప్పటి మెడ దాకా కప్పి ఉంది. పెద్దకోడలు చెంప మీద చెయ్యి వేసింది. దవడ అప్పటికే బిగుసుకుంది. నర్సింగ్ చదివిన మనిషికి ఆ బిగువు ఎంతసేపటిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఎప్పుడు?”

“మీరు చెప్పులేసుకుంటున్నప్పుడే చూశాను. నీళ్ళు లోపలికి పోలేదు. వీళ్ళకు కూడా మీ ఫోను వచ్చాకే చెప్పాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు వెళ్ళేవారా అక్కా?”

ఆ రెండో మూలుగు పెద్దకోడలి చెవిలో మళ్ళీ వినిపించింది. అది నీళ్ళ కోసమో, ఎవరి కోసమో ఇక ఎవరూ చెప్పలేరు. తానే ఆ పిల్ల స్థానంలో ఉంటే ఏం చేసేదో ఆమెకు బాగా తెలుసు. పరుగెత్తుకొచ్చి చెప్పేది, వీధంతా వినబడేలా చెప్పేది, అయిదు దాటిపోయాక అయ్యో నీ పరీక్ష అనేది. అంత దుఃఖంలోనూ ఆమె కడుపులో నిప్పు ఆరలేదు. శవం పక్కన ఒక్కతే కూర్చుని, గొంతు వణకకుండా మంచిదక్కా అన్న ఆ గొప్ప కూడా చివరికి దానికే దక్కింది. ముసలావిడ మనిషిని ఎంచుకోవడంలో పొరబడలేదేమో అనిపించి, అందుకు ఇంకా కుమిలిపోయింది.

చీకటి పడకముందే శ్మశానానికి తీసుకెళ్ళే వ్యాను వచ్చింది. అన్నదమ్ములు వెంట వెళ్ళారు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న చిన్నకోడలు ఖాళీ మంచం పట్టె మీద కూలబడి, ముఖం మోకాళ్ళలో పెట్టుకుని ఏడవసాగింది.

పెద్దకోడలు గది సర్దుదామని చుట్టూ చూసింది. అప్పుడు కనబడింది. కట్టుడుపళ్ళుంటే దవడ బిగుసుకోకముందే నోట్లో అమర్చాలని, లేకపోతే బుగ్గలు లోపలికి పోయి సొంతవాళ్ళే గుర్తుపట్టలేరని స్కూల్లో చెప్పారు. మొదటి ర్యాంకు మనిషి అది మరిచిపోయింది. రోజూ ఆ పళ్ళు నానే నీళ్ళు మార్చే చేతులే మరిచిపోయాయి. ఇన్నేళ్ళు వెతికిన తప్పు ఒకటి, ఇంట్లో ఇంకెవరూ లేని వేళ దొరికింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

“లేచి ముఖం కడుక్కోవే. టీ పెడతాను” అంది పెద్దకోడలు, ఆ పిల్ల తలెత్తేలోపు కిటికీకి అడ్డంగా జరిగి నిలబడుతూ.

ఆమె వీపు వెనక కిటికీ గట్టు మీద, గాజుగ్లాసులో, నీళ్ళ అడుగున అత్తగారి పళ్ళున్నాయి.