బయమ్మ పిలుపు

నాకు ఓపిక తక్కువ. గార్లదిన్నెలో నా జిరాక్సు షాపుకు వచ్చే ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. ఆధార్ నకలు కావాలంటూ వచ్చి, అసలు ఆధారే ఇంట్లో మరిచిపోయినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక నా కంప్యూటరైతే నన్ను ఏడిపించడానికే పుట్టింది. పగలంతా బుద్ధిగా పనిచేస్తుంది. సాయంత్రం షట్‌డౌన్ కొట్టగానే తెర నీలంగా మారి, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతూ అక్కడే బిగుసుకుపోతుంది. పది నిమిషాలైనా అంతే, అరగంటైనా అంతే.

దాన్ని బాగుచేసే శశికుమార్ అనంతపురం నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకే పాట పాడేవాడు. "అక్కా, డబ్బా ముందర ఈ చిన్న లైటుండాది చూడు. అది మినుక్కుమంటాంటే లోపల ఏందో రాసుకుంటాందని అర్థం. అప్పుడు ముట్టుకోవద్దు. లైటు కదలకుండా అరగంట నిల్చిపోయిందనుకో, అప్పుడీ బటన్ పది సెకండ్లు ఒత్తి పట్టుకో. గోడ స్విచ్చు మాత్రం ఆపద్దు. డిస్కు పోతాది."

సరే సరే అనేదాన్ని. ఆరున్నరకు నా బస్సు. అరగంట దాని ముఖం చూస్తూ ఎవరు కూర్చుంటారు? గోడ స్విచ్చు ఠపీమని కొట్టి షట్టరు దించేదాన్ని. ఏడాదిగా రోజూ ఇదే పని.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం కుళ్లాయప్ప తాత వచ్చాడు. ఊరి బయట గొర్రెలు మేపుకునే మనిషి. భార్య బయమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. తువ్వాలులో చుట్టి తెచ్చిన ఫోను బల్ల మీద పెట్టాడు. దాన్నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"గొర్రెల తొట్లో పడిపోయినాది పాపా. ఫోను పోతే పోనీ. లోపల నా ఇంటిదాని గొంతుండాది. అదొక్కటి తీసియ్యి."

సంగతేమిటంటే, పొద్దు వాలాక గొర్రెల్ని దొడ్డికి పిలిచేది ఎప్పుడూ బయమ్మే. ఆమె పిలుస్తుంటే మనవరాలు ఎప్పుడో సరదాగా వీడియో తీసింది. ఆమె పోయాక ఈయన రోజూ దొడ్డి వాకిట్లో నిలబడి ఆ వీడియో పెడుతున్నాడు. గొర్రెలు ఆ గొంతు విని వస్తున్నాయి.

"నువ్వు పిలిస్తే రావా తాతా?"

"నా గొంతుకు యాడొస్తాయి? నేను అరిస్తే కొడతానని ఇంకా దూరం పోతాయి," అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకున్నాడు. "గొర్రెలకని చెప్తాండా గానీ పాపా, నాకే వినల్లని ఉంటాది. దినానికి ఒకసారన్నా."

ఫోనులోంచి మెమరీ కార్డు తీసి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి కంప్యూటర్లో పెట్టాను. నాలుగోసారికి తెరుచుకుంది. వీడియోను కంప్యూటర్లోకి కాపీ చేసి, ఆడించి చూపించాను.

"రాండమ్మా రాండి! పొద్దు మునిగినా ఇంకా యాడ తిరుగుతారే, బా... బా..."

షాపంతా ఆమె గొంతే. తాత తెర చూడలేదు. తల వంచుకుని విన్నాడు. అయిపోగానే ఇంకోసారి పెట్టమన్నాడు. మూడుసార్లు పెట్టాను.

ఆ తర్వాత కార్డు చచ్చిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా ఖాళీ అని చూపించింది. ఇక మిగిలింది నా కంప్యూటర్లో ఉన్నదొక్కటే. పక్క సెల్ షాపులో తాత కొత్త ఫోను, కొత్త కార్డు కొనుక్కుని వచ్చాడు. ఆ ఫోనునూ కార్డునూ నా కంప్యూటరు ససేమిరా గుర్తుపట్టలేదు. ఒకసారి ఆపి మళ్లీ వేస్తే పడుతుందేమోనని షట్‌డౌన్ కొట్టాను.

ఎప్పటిలాగే బిగుసుకుంది. లైటు మినుక్కుమంటూనే ఉంది. ఆ రోజు మాత్రం స్విచ్చు జోలికి పోలేదు. లోపల ఉన్నదేమిటో నాకు తెలుసు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. పదిహేను నిమిషాలు. నా జన్మలో అంతసేపు దేనికోసమూ కాచుకోలేదు.

అప్పుడే వీధిలో నీళ్ల ట్యాంకరు హారన్ మోగింది. అది తప్పిపోతే మళ్లీ మూడు రోజుల దాకా రాదు. షాపులో ఉంచిన బిందెలు రెండూ అందుకుని, "ఈడ్నే కూర్చో తాతా, వస్తా," అని పరుగు తీశాను. ముట్టుకోవద్దు అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

బిందెలతో తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. తాత గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ప్లగ్గు ఆయన చేతిలో ఉంది. ముఖంలో ఎంత సంతోషమో!

"కాపాడినా పాపా! బోరు మోటరు తిరక్కుండా గుయ్యిమంటా నిల్చిపోతే బిరీన కరెంటు పీకల్ల. లేకుంటే కాయిలు కాలిపోతాది. నేను రెండు మోటర్లు అట్లే పోగొట్టుకున్నా. ఇది గూడా గుయ్యిమంటాండె. లోపల ఆమె ఉండాదని బిరబిరా పీకేసినా."

ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. లోపల టక్కు టక్కుమని చప్పుడు. తెర మీద డిస్కు దొరకలేదని రెండు వరుసల తెల్ల అక్షరాలు, అంతే. ఇంకోసారి వేశాను. అదే చప్పుడు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని అరిచాను. ట్యాంకరు దగ్గరున్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు. "అంతా నాశనం చేసినావు కదా తాతా! ఇంక లేదు, పోయింది!"

ఆయన తన చేతిలోని కొత్త ఫోను వైపు చూసుకున్నాడు. "ఇంక పిలవదా?" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకు శశికుమార్ డిస్కు విప్పి చూశాడు. బెంగళూరుకు పంపినా ఏమీ రాదని తేల్చేశాడు. "ఒకసారి పీకితే ఇట్లయ్యేది కాదక్కా. ఇది శానా దినాలనుంచి దెబ్బతింటాండాది. రోజూ గోడ స్విచ్చు ఆపుతాంటివి కదా?" అని అడిగాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాను.

ఆదివారం తాత ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో గొర్రెపిల్ల కాలికి పసుపు పెడుతున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. కూర్చోకుండానే చెప్పేశాను.

"తాతా, అది నీవల్ల పోలేదు. ఏడాదిగా దినామూ స్విచ్చు కొట్టి కొట్టి నేనే దాన్ని చంపినా. నీ మీద ఊరికే అరిచినా. తప్పు నాది."

ఆయన నా ముఖంలోకి చూసి మెల్లగా నవ్వాడు. "నా మనసు కోసరం అబద్ధం చెప్పేదానికి ఇంత ఎండలో బస్సెక్కి వచ్చినావా పాపా? శానా మంచిదానివి."

"అబద్ధం కాదు తాతా, దేవుడి మీదొట్టు!"

"ఒట్లు పెట్టుకోవద్దు తల్లీ. పీకింది నా చెయ్యి. నాకు తెల్దా?"

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. కోప్పడ్డాను, బతిమాలాను. చివరికి ఏడ్చాను. వీధిలో అందరి ముందూ నేను అరిచిన మాటను ఆయన నమ్మాడు. ఈ మాట మాత్రం నమ్మలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఊరుకో పాపా, ఊరుకో. తప్పు చేసింది నేనైతే నువ్వెందుకు ఏడుస్తాండావు?" అని నా తల నిమిరాడు.